రిజిస్టరుకి గుచ్చిన పువ్వుల గుడ్డ

పోయినేడాది దగ్గరి చుట్టాల పెళ్ళిలో ఒక మాట విన్నాను. వాళ్ళింట్లో పదిహేనేళ్ళుగా పనిచేస్తున్న ఆవిడ ఆ రోజు మెరూన్ అంచున్న గంధం రంగు చీర కట్టుకుని, తలలో కనకాంబరాలు పెట్టుకుని వచ్చింది. కూతురు మొదటి జీతంతో కొనిపెట్టిన చీరట. ఎంత నిండుగా ఉందో. భోజనాల దగ్గర పిన్ని వరసావిడ ఒకామె నా చెవిలో, "ఇంటావిడెవరో పనామెవరో పోల్చుకోలేకుండా ఉంది. ఈ రోజుల్లో అందరికీ సోకులే" అంది. పెళ్ళిలో మాటా మాటా ఎందుకులే అని నేను ఊరుకున్నాను. ఇంటికొచ్చాక ఆ ఊరుకోవడమే నన్ను చాలా రోజులు తినేసింది.

ఎందుకంటే ఆ మాట నేను అంతకు ముందే ఒకచోట చదివాను. అన్నది 300 ఏళ్ళ కిందటి లండన్‌లో. నవలలు రాసి పేరు తెచ్చుకున్న డానియెల్ డిఫో 1725లో మారుపేరుతో ఒక చిన్న పుస్తకం వేశాడు. పనిమనుషుల జీతాలు పెరిగిపోయాయి, పట్టు గౌన్లు తొడుగుతున్నారు, యజమానురాలికీ పనిపిల్లకీ తేడా తెలియట్లేదు అని గోల పెట్టాడు అందులో. తను ఒక ఇంటికి వెళ్ళి, ఆనాటి మర్యాద ప్రకారం ఆడవాళ్ళని ముద్దుతో పలకరిస్తూ, తెలియక పనిపిల్లకి కూడా ముద్దు పెట్టి సిగ్గుతో చచ్చిపోయానని రాసుకున్నాడు. అందుకే పనిపిల్లలు ఎవరో చూడగానే తెలిసేలా వాళ్ళకి వేరే దుస్తులు పెట్టాలన్నాడు. పెళ్ళిలో నా చెవిలో పడిందీ ఇదే మాట. భాష మారింది, గౌను చీరయింది, అంతే.

పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండు బట్టలు అనగానే మనకి కళ్ళ ముందు మెదిలేది సినిమాల్లో చూసిన దొరసానులు: గుమ్మంలో పట్టనంత వెడల్పు గౌన్లు, పౌడరు కొట్టిన జుట్టు, చేతిలో విసనకర్ర. అది అబద్ధమేమీ కాదు. జుట్టుకి పౌడరు వాడేవాళ్ళు ఏడాదికో గినీ పన్ను కట్టాలని 1795లో చట్టమే తెచ్చారు. అయితే ఆ దేశంలో ఎక్కువమంది ఆడవాళ్ళు రోజూ ఏం కట్టుకున్నారో, ఏ గుడ్డ చూసి మనసు పారేసుకున్నారో తెలుసుకోవాలంటే ఆ పెద్ద పెద్ద పటాల దగ్గర నిలబడి లాభం లేదని నేను గట్టిగా నమ్ముతాను. అది తెలిసేది ఒక అనాథాశ్రమం రిజిస్టర్లలో. అవి చూశాక "లేనివాళ్ళకి సోకులెందుకు" అనే మాట నోట రాదు.

ముందు పటాల సంగతి. లండన్ నేషనల్ గ్యాలరీలో గెయిన్స్‌బరో 1750 ప్రాంతంలో వేసిన ఆండ్రూస్ దంపతుల చిత్రం ఉంది. ఓక్ చెట్టు కింద బెంచీ, వెనకాల కోసిన గోధుమ చేను, లేత నీలం గౌను పరుచుకుని కూర్చున్న కొత్త పెళ్ళికూతురు. నాకు చాలా ఇష్టమైన బొమ్మ. మా అబ్బాయి దగ్గరికి వెళ్ళినప్పుడు రెండుసార్లు చూసొచ్చాను. దగ్గరికెళ్ళి చూస్తే ఆమె ఒళ్ళో కాస్త మేర రంగు వెయ్యకుండా ఖాళీగా వదిలేసి ఉంటుంది. ఆ గౌను కూడా ఆ భూములు, ఆ వేటకుక్క, ఆ తుపాకీ లాగే మాకింత ఆస్తి ఉందని చెప్పడానికి పెట్టిందే అనిపిస్తుంది. అందులో తప్పు లేదు, డబ్బిచ్చి బొమ్మ వేయించుకునేది అందుకే కదా.

కానీ ఆ కాలపు చిత్రాల్లో చాలా బట్టలు ఆ మనుషులవే కావు. ముఖం ఒకరు వేస్తే బట్టలు ఇంకొకరు వేసేవారు. జోసెఫ్ వాన్ ఆకెన్ అనే ఆయన పేరు తెచ్చుకున్నది ఈ పనితోనే: హడ్సన్, రామ్సే లాంటి పేరున్న చిత్రకారులు ముఖాలు పూర్తి చేసి పంపిస్తే ఈయన సాటిన్ మెరుపు, లేసు కుచ్చిళ్ళు దిద్దేవాడు. ఒకే గౌను ఇద్దరు ముగ్గురు వేర్వేరు ఆడవాళ్ళ ఒంటి మీద కనబడిందంటే కారణం ఇదే. 1749లో ఆయన పోయినప్పుడు, పాడె వెనకాల లండన్ చిత్రకారులంతా గొల్లుమని ఏడుస్తూ నడుస్తున్నట్టు హోగార్త్ అనే చిత్రకారుడు ఒక బొమ్మ గీశాడు. ఇక రాయల్ అకాడమీ మొదటి అధ్యక్షుడు రెనాల్డ్స్ అయితే ఇంకో అడుగు ముందుకేశాడు. ఈనాటి ఫ్యాషన్ రేపటికి వెగటు పుడుతుంది, కాబట్టి పాత గ్రీకు బొమ్మల మీద ఉన్నట్టు ఏ కాలానికీ చెందని గుడ్డ చుట్టి చూపించడమే ఘనత అన్నాడు. అలాంటి పటాల్ని చూసి ఆ కాలంలో ఇవే కట్టుకున్నారనుకోవడం, ఫొటో స్టూడియోలో వెనక వేలాడదీసిన తాజ్‌మహల్ తెరని చూసి వీళ్ళు ఆగ్రాలో ఉండేవాళ్ళు అనుకోవడం లాంటిది.

ఇప్పుడు అసలు చోటికి వస్తాను.

థామస్ కోరమ్ అనే ఓడ కెప్టెన్ లండన్ వీధుల పక్కన వదిలేసిన పసిబిడ్డల్ని చూడలేక, పదిహేడేళ్ళు పెద్దలందరి గడపా తొక్కి, 1739లో రాజుగారి దగ్గర అనుమతి పత్రం సంపాదించాడు. అలా వెలిసింది ఫౌండ్లింగ్ హాస్పిటల్. పేరు హాస్పిటలే గానీ అనాథాశ్రమం. హోగార్త్ 1740లో కోరమ్ నిలువెత్తు చిత్రం వేసి ఆశ్రమానికే ఇచ్చేశాడు. ఎర్ర కోటు, విగ్గు లేని సొంత తెల్ల జుట్టు, కుర్చీలోంచి నేలకి సరిగ్గా అందని కాళ్ళు. ఆ శతాబ్దంలో నాకు నమ్మబుద్ధేసిన పటం అదొక్కటే.

1741 మార్చి 25 రాత్రి ఎనిమిదింటికి తలుపులు తీశారు. వచ్చే తల్లుల ముఖాలు ఎవరికంటా పడకూడదని గుమ్మం దగ్గర దీపం ఆర్పేశారు. మొదటి రాత్రే 30 మంది బిడ్డల్ని తీసుకుని, చోటు నిండిపోయి తలుపులు మూసేశారు. తర్వాత రద్దీ తట్టుకోలేక సంచిలో రంగు బంతులు పెట్టారు. తల్లి చెయ్యి పెట్టి తియ్యాలి. తెల్లది వస్తే బిడ్డని తీసుకుంటారు, ఎర్రది వస్తే ఆగాలి, నల్లది వస్తే బిడ్డతో వెనక్కి పోవాలి. 1756 నుంచి 1760 దాకా పార్లమెంటు డబ్బిచ్చి, వచ్చిన ప్రతి బిడ్డనీ తీసుకోమంది. ఆ నాలుగేళ్ళలో దాదాపు 15,000 మంది వచ్చారు. ఎక్కువమంది పసితనంలోనే పోయారు.

బిడ్డని తీసుకోగానే గుమాస్తా అచ్చు వేసిన ఒక ఫారం నింపేవాడు. టోపీ, గౌను, జుబ్బా, దుప్పటి, మేజోళ్ళు అని వరసగా ఉంటాయి. బిడ్డ ఒంటి మీద ఏముందో ఎదురుగా రాయాలి. ఆ తొలి ఏళ్ళలో తల్లి పేరు అడగరు. బిడ్డకి కొత్త పేరు పెట్టేస్తారు. రేపెప్పుడైనా తల్లి తిరిగొచ్చి "నా బిడ్డ" అంటే గుర్తుపట్టడం ఎలా? బిడ్డ తొడుక్కున్న గౌనులోంచో చేతి తొడుగులోంచో చిన్న ముక్క కత్తిరించి ఆ కాగితానికి పిన్నుతో గుచ్చేవారు. కొందరు తల్లులు తామే ఒక రిబ్బను ముక్క, ఒక గుడ్డ పువ్వు ఇచ్చి వెళ్ళేవారు. అలా పోగుపడినవి దాదాపు 5,000 ముక్కలు. ఇప్పుడు అవి లండన్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఆ శతాబ్దపు మామూలు మనుషుల బట్టలు బ్రిటన్‌లో ఇన్ని ఇంకెక్కడా మిగల్లేదు. బీదవాళ్ళ బట్టలు మామూలుగా మిగలవు కదా: తల్లి గౌను చిరిగితే పిల్లకి గౌను అవుతుంది, అది చిరిగితే పసిబిడ్డకి పొత్తిగుడ్డ, అదీ పోతే మసిగుడ్డ. మా అమ్మమ్మ కట్టిన చీరల్లో ఒక్కటీ మిగల్లేదు, అన్నీ బొంతల్లో కలిసిపోయాయి. ఆ బొంతలో ఒక మూల చిలకపచ్చ ముక్క చూసి, ఇది ఫలానా పెళ్ళికి కట్టిన చీర అని అమ్మ గుర్తుపడుతుంది. ఆశ్రమం వాళ్ళు కాగితానికి గుచ్చబట్టి ఈ ముక్కలు ఆ దారి పట్టకుండా ఆగిపోయాయి.

వాటి ఫొటోలు మొదటిసారి చూసినప్పుడు గోధుమరంగు, బూడిదరంగు ముతక గుడ్డలు ఉంటాయనుకున్నాను. కంప్యూటరు తెర నిండా పువ్వులు. ఎర్ర మొగ్గలు, ఊదా తీగలు, చుక్కలు, ఆకులు, చారలు. 1743లో ఒక బిడ్డతో వచ్చిన నాలుగు సన్నటి పట్టు రిబ్బన్లు: పసుపు, నీలం, ఆకుపచ్చ, గులాబి, నాలుగూ కలిపి ఒక ముడి. ఇంకో ముక్క మీద పేకముక్కల గుర్తులు అచ్చువేసి ఉన్నాయి. గుమాస్తాకి దాన్ని ఎలా రాయాలో తోచక "ఒంటినిండా పేకలు పూచినది" అన్న అర్థంలో రాశాడు. అప్పట్లో అచ్చు గుడ్డ ఏదైనా వాళ్ళ నోట "పూచిన గుడ్డే". ఆ ఒక్క మాటలోనే తెలుస్తుంది, అచ్చుగుడ్డ అంటే పువ్వులు అనేంతగా జనం వాటికి అలవాటుపడ్డారని.

ఆ పువ్వులు అక్కడికి ఎలా వెళ్ళాయి?

నేను పుట్టి పెరిగింది బందరులో. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1611లో మా ఊళ్ళో కోఠీ, అంటే వర్తక స్థావరం, పెట్టింది అద్దకం గుడ్డల కోసమే. మా అమ్మమ్మ వాటిని "చీటి గుడ్డలు" అనేది. ఇంగ్లీషువాళ్ళు చింట్జ్ అన్నదీ వీటినే. పెడనలో చిన్నప్పుడు చూసిన పని చెప్తాను. ముందు గుడ్డని కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో ముంచి ఎండబెడతారు. ఎరుపు రావలసిన చోట పటిక నీళ్ళతో అచ్చు వేస్తారు. అప్పుడు చూస్తే గుడ్డ మీద రంగు పెద్దగా ఏమీ కనబడదు. దాన్ని రంగు కాగులో వేసి ఉడకబెడితే, పటిక పడిన చోట మాత్రమే ఎరుపు పట్టుకుంటుంది. మిగతాది ఉతికి ఎండలో ఆరేస్తే తెల్లబడుతుంది. పాతరోజుల్లో ఆ ఎరుపు చిరివేరుది. కృష్ణ డెల్టా ఇసుక నేలల్లో పెరిగిన చిరివేరుకి మంచి ఎరుపు వస్తుందని పేరు. బెల్లపు నీళ్ళలో ఇనప ముక్కలు ఊరబెట్టి నలుపు చేసేవారు. ఇలా పట్టిన రంగు ఉతికినకొద్దీ పోదు. పట్టు ఉతకడానికి పనికిరాదు, ఉన్ని బరువు, నార మీద పైపైన పూసిన రంగు ఒక్క ఉతుకుతో కారిపోతుంది. అలాంటి దేశంలోకి తేలిగ్గా ఉండి, ఎన్నిసార్లు ఉతికినా పువ్వు వాడని గుడ్డ వెళ్ళింది. పిచ్చెక్కిపోరూ మరి.

పిచ్చెక్కిపోయారు. పరుపులు, తెరలు, గౌన్లు అన్నీ అవే అయ్యాయి. ఉన్ని, పట్టు నేసేవాళ్ళ పొట్ట కొట్టుకుపోయింది. రంగులేసిన భారతదేశపు గుడ్డల దిగుమతిని 1700లో చట్టం చేసి ఆపారు. తెల్ల గుడ్డ తెప్పించి లండన్ చుట్టుపక్కల అచ్చు వేయడం మొదలుపెట్టారు. 1719 జూన్‌లో లండన్ స్పిటల్‌ఫీల్డ్స్ పేట నేతగాళ్ళు వేల మంది వీధుల్లోకి వచ్చి, చీటి గౌను తొడుక్కుని కనబడిన ప్రతి ఆడమనిషి మీదా సిరా పోశారు, గుడ్డలు చింపారు, యాసిడ్ కూడా చల్లారు. 1721లో ఇంకో చట్టం. 1722 క్రిస్మస్ నుంచి అచ్చు నూలు గుడ్డ తొడుక్కున్నవాళ్ళకి 5 పౌన్ల జరిమానా, అది పట్టిచ్చినవాడికి. ఒక పనిపిల్లకి అది ఏడాది జీతంతో సమానం.

స్పిటల్‌ఫీల్డ్స్ నేతవాళ్ళ ఆకలిని నేను తక్కువ చెయ్యను. ఆకలికి తాళలేక మగ్గం మీద నుంచి లేచిపోయిన కుటుంబాలు మా జిల్లాలోనూ ఉన్నాయి. కానీ వాళ్ళు పార్లమెంటు మీదికో కంపెనీ గోదాముల మీదికో పోయింది తక్కువ, పువ్వుల గౌను తొడుక్కుని బజారుకి వచ్చిన ఆడదాని మీద పడింది ఎక్కువ. దేశం దరిద్రానికి ఆమె సోకే కారణమని పుస్తకాలు అచ్చయ్యాయి, డిఫో కూడా ఆ పక్షానే రాశాడు. ఆరేళ్ళ తర్వాత పనిపిల్లల మీద పడ్డవాడూ ఆయనే. నాకు కోపం వచ్చేది ఇక్కడే. వ్యాపారం తప్పయినా, చట్టం తప్పయినా, జీతాలు తప్పయినా, వేలు చూపించడానికి మాత్రం ఎప్పుడూ ఒక ఆడదాని బట్టలు దొరుకుతాయి.

1736లో చట్టం కొంచెం సడలించి, నార పడుగు నూలు పేక కలిసిన గుడ్డ మీద అచ్చు వేసుకోవచ్చన్నారు. రిజిస్టర్లలో ఉన్న పువ్వుల ముక్కలు చాలావరకు అలాంటివో, ఉత్త నారవో. గుడ్డ అక్కడిది, అచ్చు అక్కడిది. పటిక వేసి ఎరుపు పట్టించే విద్య మాత్రం ఈ తీరం గుడ్డల్ని చూసి చూసి వాళ్ళు నేర్చుకున్నది. పువ్వు పూర్తిగా మనదే అని కూడా నేను అనను. తెల్ల నేల మీద పువ్వులు కావాలి, ముదురు ఎరుపు నేల వద్దు అని కంపెనీ వాళ్ళు పదిహేడో శతాబ్దంలోనే నమూనాలు పంపేవారు. మనవాళ్ళు వాళ్ళ నమూనాకి తమ చెయ్యి కలిపారు. వాళ్ళు దాన్ని చూసి మళ్ళీ తమ చెయ్యి కలిపారు.

లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఒక మంచం ఉంది. ఆకుపచ్చ, తెలుపు రంగులేసిన చెక్క, ఆనాటి పేరున్న చెక్కసామాను పనివాడు చిప్పెండేల్ చేసింది. దాని తెరలు బందరు అద్దకం. ఆనాటి గొప్ప నటుడు డేవిడ్ గారిక్‌ది ఆ మంచం. కలకత్తాలో ఇంగ్లీషువాళ్ళ నాటకశాలకి ఆయన సాయం చేసినందుకు వాళ్ళు ఆయన భార్య ఎవా మరియాకి ఈ గుడ్డ పంపారు. కస్టమ్స్ వాళ్ళు పట్టుకుపోయారు. అప్పటికి బందరు కంపెనీ చేతికొచ్చి పదహారేళ్ళయింది. కంపెనీ ఏలే ఊళ్ళో తయారైన గుడ్డ కంపెనీ సొంత దేశంలో దొంగసరుకు. 1775లో గారిక్ ఖజానా శాఖ కార్యదర్శికి ఉత్తరం రాశాడు: నా భార్య పిల్లల కోసం ఏడవడం లేదు, చీటి మంచం తెరల కోసం ఏడుస్తోంది, తిరిగి ఇప్పించండి అని. ఆ తెరల ముందు నేను పావుగంట నిలబడ్డాను. తీగ మీద తీగ ఎక్కి, ఆకు చివర వంపు తిరిగి, ఎవరి చెయ్యో తెలియని చెయ్యి. గారిక్ పేరు ఉంది, చిప్పెండేల్ పేరు ఉంది, అద్దినవాళ్ళ పేరు లేదు.

ఒక పెద్ద నటుడి భార్య గుడ్డ కోసం ఏడిస్తే అది అభిరుచి, ఖజానా దాకా ఉత్తరం వెళ్తుంది. పనిపిల్ల అదే పువ్వు కోసం ఆరు నెలలు కూడబెడితే అది సోకు. పైగా ఆ పిల్లకి ఆ గౌను ఊరికే షోకు కూడా కాదు. లండన్ పేదలకి బ్యాంకు ఖాతా లేదు, బట్టలే దాచుకున్న డబ్బు. అవసరం పడితే గౌను తాకట్టు కొట్లో పెట్టి, చేతికి డబ్బులు ఆడాక విడిపించుకునేవారు. మరీ ఇబ్బందైతే పాతబట్టల వీధిలో అమ్ముకునేవారు. నడుముకి తాడుతో కట్టుకునే జేబుసంచి, మన పెద్దవాళ్ళు రొంటిన దోపుకునే ఆకువక్క సంచి లాంటిది, లోపలి లంగా మీద దాచేవారు. బయటికి కనబడని ఆ సంచి మీద కూడా పువ్వులు కుట్టుకున్నారు. ఎవరూ చూడని చోట కుట్టుకున్న పువ్వుని పక్కింటివాళ్ళతో పోటీ అని ఎలా అంటారు? తనకి నచ్చింది, కుట్టుకుంది.

1767 ఫిబ్రవరి 11న శారా బెండర్ అనే ఆమె తన కొడుకు చార్ల్స్‌ని ఆశ్రమంలో వదిలింది. ఆమె ఇచ్చిన గుర్తు: రకరకాల గుడ్డముక్కలు అతికి కుట్టిన చిన్న సూదుల సంచీ, మీద దారంతో ఒక గుండె బొమ్మ. దాన్ని సరిగ్గా గుండె మధ్యకి కత్తిరించి, సగం ఆశ్రమానికి ఇచ్చింది. ఫొటోలో ఆ అతుకుల్ని పెద్దవి చేసి చూశాను. ఒక ముక్క ఆకులది, ఒకటి చుక్కలది, అంచుల దగ్గర కుట్టు దగ్గరదగ్గరగా, ఓపిగ్గా ఉంది. చేతిలో బిడ్డని వదిలెయ్యాల్సినంత కరువున్న మనిషి ఏ ముక్క పక్కన ఏ ముక్క పెడితే అందమో చూసుకుని కుట్టింది. చార్ల్స్‌కి అక్కడ బెంజమిన్ ట్వర్ల్ అని పేరు పెట్టారు. 1741 నుంచి 1760 దాకా చేరిన 16,282 మంది పిల్లల్లో తిరిగి తల్లిదండ్రుల చేతికి వెళ్ళింది 152 మందే. ఆ తర్వాతి ఏళ్ళలో చేరిన ఈ పిల్లవాడికి ఆ అదృష్టం దక్కింది. ఎనిమిదేళ్ళకి, 1775 జూన్ 10న, శారా బెండర్ వచ్చి కొడుకుని తీసుకెళ్ళింది. ఎవా మరియా తెరల కోసం ఏడ్చిందీ ఆ ఏడాదే.

మొన్న సంక్రాంతికి ఆ పెళ్ళివారింటికి వెళ్ళాను. ఆవిడ వాకిట్లో ముగ్గు పెడుతోంది. ఆ రోజు పెళ్ళిలో కట్టిన చీర చాలా బాగుందమ్మా, ఎక్కడ తీశారు అని అడిగాను. ఏడాది ఆలస్యంగా అయినా అడిగాను. ముగ్గు చిప్ప పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని లేచింది. "మా అమ్మాయి నాలుగు షాపులు తిప్పిందండి. ఇదే రంగులో నీలం అంచుది కూడా చూపించారు, అది వంద రూపాయలు తక్కువ. నాకేమో ఈ మెరూనే కళ్ళ ముందు ఆడింది" అంది.